కంప్యూటర్ లెక్కలో మన నేల పలకైపోయింది

రోడ్డు మీద ట్యాంకరు బోల్తా పడిందంటే మన కాడ ఏం జరిగిద్దో మీకు తెలిసిందే. వంటనూనె అయితే బిందెలు, డీజిలయితే క్యాన్లు, మిగతావాళ్లు ఫోన్లు పట్టుకొని వీడియోలు. సాయంత్రానికి క్రేన్ వచ్చి బండిని లేపిద్ది. ఫైరింజను వాళ్లు నీళ్లు కొట్టి రోడ్డు కడిగి పోతారు. వార్త అక్కడితో అయిపోయిద్ది. కారిపోయిన సరుకు ఎన్ని లీటర్లు, అది రోడ్డు దిగి యాడికి పోయింది, కింద ఎన్ని అడుగులు దిగింది అనేది మాత్రం ఏ వార్తలోనూ రాదు. కడిగిన నీళ్లు గూడా పక్క పొలంలోకే పోయినాయని ఎవురూ రాయరు.

ఈ ప్రశ్నలకి జవాబు చెప్పే కంప్యూటర్ లెక్కలు ఉన్నాయి. వాటినే మోడలింగ్ అంటారు. ఒలికిన రసాయనం ఎంత ఆవిరైద్ది, ఎంత పారిద్ది, ఎంత ఇంకిద్ది, ఎన్నాళ్లకి బోరు నీళ్లలో కలిసిద్ది అని ముందే అంచనా కట్టేవి. అదేదో అమెరికా వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోబాకండి. గుంటూరు నుంచి వినుకొండ, కంభం, గిద్దలూరు మీదగా అనంతపురం పోయే 544డి రోడ్డు మనదే. మాచర్ల వైపు నుంచి యర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి మీదగా దిగే 565 రోడ్డూ మనదే. కురిచేడు స్టేషన్ మీదగా గుంటూరు, గుంతకల్లు రైలు మార్గం పోతంది. సాగర్ కుడి కాలవ నీళ్లే మనకి తాగునీళ్లు. ఇన్ని ఒకదాని పక్కన ఒకటి ఉన్న తావులో ఏది ఒలికినా ఆ లెక్క మన గొంతు దాకా వచ్చిద్ది.

నేను చెప్పదలుచుకుంది ఒకటే. ఆ లెక్కలు మన దేశంలో వాడతన్నారు, కాకపోతే మన నేలని అందులో పెట్టకుండా వాడతన్నారు.

అలోహా అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థలు తయారుచేసినాయి, డబ్బులు కట్టక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్‌లో నడిచిద్ది. మన దేశంలో ఫ్యాక్టరీలు పెట్టేముందు ఇచ్చే పర్యావరణ నివేదికల్లో, ప్రమాదం జరిగినాక రాసే పరిశోధన పత్రాల్లో దీని పేరు ఎక్కువ కనపడిద్ది. నేను దింపుకొని కూర్చున్నా. ఏ రసాయనం అని అడిగింది, ఇచ్చా. గాలి ఎటు వైపు, ఎంత వేగం అని అడిగింది. మడుగు ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని లీటర్లు అని అడిగింది. ఆ తర్వాత నేల రకం అడిగింది. అందులో ఉన్నయ్యి: మామూలు మట్టి, కాంక్రీటు, పొడి ఇసక నేల, తడి ఇసక నేల, నీళ్లు. అంతే. నల్లరేగడి లేదు, గరువు లేదు, రాతి నేల లేదు. సరే, అమెరికా వాడికి మన రేగడి ఏం తెలిసిద్దిలే అనుకొని దాని సహాయ పుస్తకం తెరిచా. అందులో ఉన్న ఒక్క మాట కాడ ఆగిపోయా. ఒలికిన రసాయనాన్ని నేల పీల్చుకోదు అనే ఊహ మీదే ఈ లెక్క నడిచిద్దని రాశారు. మరి నేల రకం ఎందుకు అడిగినట్టు? నేల వేడి మడుగుకి ఎంత అందిద్దో, దాన్నిబట్టి ఎంత తొందరగా ఆవిరైద్దో చూసుకోటానికి. పైగా ఆ లెక్క ఒక గంట వరకే.

ఇందులో మోసమేం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ చేసింది ఫైరింజను వాళ్ల కోసం. గంటలోపల ఏ ఊరిని ఖాళీ చేయించాలి, గాలివాలులో ఎంత దూరం దాకా ముప్పు అనేది వాళ్లకి కావాలి. నేల ఏమీ పీల్చుకోదు అనుకుంటే ఆవిరి ఎక్కువ చూపించిద్ది, నాలుగిళ్లు ఎక్కువే ఖాళీ చేయిస్తారు, అది మంచిదే. 2020 మే 7 తెల్లారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఆర్ఆర్ వెంకటాపురం మీద పడి 12 మంది చనిపోయిన రోజున కావాల్సింది అట్టాంటి లెక్కే. తిరకాసు యాడంటే, గంట కోసం చేసిన లెక్కని ముప్పై ఏళ్లు నడిచే ఫ్యాక్టరీ నివేదికలో పెట్టి, ఇదే మా ప్రమాద అంచనా అని మూసేయడం కాడ.

మార్కాపురం పలక మీద ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. అట్టే నిలబడి ఎండకి ఆరిపోయిద్ది. అదే చుక్క ఇటుక మీద వేయండి, లెక్కపెట్టేలోపు మాయం. ఇటుకలో కంటికి ఆనని సందులు ఉంటాయి, ఆ సందులే నీళ్లని లాక్కుంటాయి. దీపం వత్తి నూనెని పైకి లాగేది గూడా ఈ గుణంతోనే. మట్టి, ఇసక, కాంక్రీటు, తారు రోడ్డు, రైలు పట్టాల కింద కంకర, గోడ సున్నం, ఇయ్యన్నీ ఎక్కువో తక్కువో ఇటుక జాతే. అలోహా లెక్కలో మాత్రం భూమి మొత్తం పలకే.

ఇటుక జాతి నేల మీద రసాయనం పడ్డప్పుడు మూడు పనులు ఒక్కసారే మొదలైతాయి. పక్కలకి పాకిద్ది, పైకి ఆవిరైద్ది, కిందకి ఇంకిద్ది. మూడింటికీ పందెం. పెట్రోలు లాంటిదయితే ఆవిరి గెలవచ్చు, ఎండాకాలంలో మరీను. చిక్కగా, నిదానంగా ఆవిరయ్యే సరుకయితే ఇంకుడే గెలిచిద్ది. సన్నటి సందుల్లోకి ద్రవం ఎంత వేగంగా దిగిద్దో 1921లో వాష్‌బర్న్ అనే శాస్త్రవేత్త సూత్రం రాశాడు. మొదట్లో గబగబా దిగి, పోనుపోను నెమ్మదించిద్ది. ఒక సెంటీమీటరు దిగటానికి ఒక నిమిషం పడితే, రెండు సెంటీమీటర్లకి నాలుగు నిమిషాలు, మూడింటికి తొమ్మిది నిమిషాలు. అంటే మొదటి నిమిషాల్లో గుడ్డ వేసి అద్దినా, ఇసక పోసి ఎత్తినా దక్కేది ఎక్కువ, గంట పోయినాక చేసే పనికి దక్కేది తక్కువ. నీళ్లు కొట్టి కడగటం అన్నిటికంటే చెడ్డ పని అయ్యేది అందుకే. ఇంకటానికి మనమే సాయం చేసినట్టు అయిద్ది.

ఇంకిందంటే పోయినట్టు కాదు. లోపల దాక్కున్నది మళ్లీ నిదానంగా బయటికి వచ్చిద్ది. ఎండిన మట్టి మందుని గట్టిగా పట్టుకొని ఉంటది. తొలకరి చినుకు పడగానే నీళ్లు ఆ తావుని ఆక్రమించుకొని మందుని ఆవిరిగా బయటికి తోస్తాయి. ఎప్పుడో కొట్టిన మందు వాసన మొదటి వానకి మళ్లీ రావడంలో ఈ గుణం గూడా ఉంది.

ఈ పనిని లోతుగా పట్టించుకుంది మిలిటరీ వాళ్లు. నరాల మీద పనిచేసే విషాలు ఇసక మీద, కాంక్రీటు మీద, తారు మీద చుక్కలుగా పడితే ఎన్ని గంటలు, ఎన్ని రోజులు ప్రమాదం అని ప్రయోగాలు చేసి మోడళ్లు కట్టారు. 2018 మార్చిలో ఇంగ్లండులో సాల్స్‌బరీ ఊళ్లో ఒక ఇంటి తలుపు పిడికి నోవిచోక్ అనే విషం పూశారు. పూసింది కొద్దిగా. ఊరంతా శుభ్రమైంది అని ప్రకటించటానికి ఏడాది పట్టింది, ఆ ఇంటి పైకప్పు గూడా పీకి కొత్తది వేయాల్సొచ్చింది. ఆ విషాలకీ మన పురుగుమందుల కొట్టుకీ చుట్టరికం ఉందని చాలామందికి తెలవదు. వీఎక్స్ అనే నరాల విషం 1950ల్లో బ్రిటన్‌లో పురుగుమందు పరిశోధన లోంచే పుట్టింది. మోనోక్రోటోఫాస్ గూడా అదే భాస్వరం కుటుంబం, బలం తక్కువ, పనితీరు అదే. కాబట్టి మిలిటరీ వాళ్లు కట్టిన లెక్క మిరప చేలో పనికిరాదు అనడానికి ఏం లేదు. కావాల్సినయ్యి మన నేల కొలతలు, మన మందుల కొలతలు.

ఒకే రసాయనానికి రెండు కథలు ఎట్టా ఉంటాయో చూడండి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫార్మా కంపెనీలో ఎంటీబీఈ అనే ద్రావకం లీకైంది. ఆవిరి కమ్ముకొని అంటుకుంది, 17 మంది చనిపోయారు. నిమిషాల్లో జరిగిపోయిన కథ అది. అదే ఎంటీబీఈని అమెరికాలో ఒకప్పుడు పెట్రోల్లో కలిపేవాళ్లు. బంకుల కింద ట్యాంకుల్లోంచి చప్పుడు లేకుండా కారి మట్టిలోకి దిగింది. 1996లో కాలిఫోర్నియాలో శాంటామోనికా నగరం తన తాగునీటి బావులు మూసుకోవాల్సొచ్చింది. అది నీళ్లలో బాగా కరిగిద్ది, మట్టికి అంటుకోదు, అందుకే నీళ్లతో పాటే నడిచి పోయింది. గాలి కథకి లెక్క వేసే సాఫ్ట్‌వేర్ రెండో కథని చూడలేదు. రెండో కథకి వేరే లెక్క కావాలి.

ఆ వేరే లెక్కలు గూడా ఉన్నాయి. అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ చేసిన మాడ్‌ఫ్లో భూగర్భ జలం ఎటు నడిచిద్దో చెప్పిద్ది. దానికి ఎంటీ3డీ అనే ఇంకో ప్రోగ్రాం తగిలిస్తే ఆ నీళ్లతో పాటు విషం ఎటు పోయిద్దో చెప్పిద్ది. వీటన్నిటికీ మూలం 1856లో ఫ్రాన్సులో దీజోఁ ఊరి మంచినీళ్ల పని చూసిన డార్సీ అనే ఇంజినీరు ఇసక గొట్టాల్లో నీళ్లు పోసి కట్టిన సూత్రం. మన తెలుగు నేల మీద గూడా ఈ పని జరిగింది. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్లు పటాన్‌చెరు మీద ఈ ప్రోగ్రాంలే నడిపారు. నక్కవాగులోకి వదిలిన ఫ్యాక్టరీ నీళ్లు పక్క ఊళ్ల భూగర్భంలోకి ఎట్టా పాకుతన్నాయో పటాలు గీశారు. మంచి పని. కానీ ఎప్పుడు? పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది 1970ల్లో. రైతులు, డాక్టర్లు గొంతు చించుకొని, 1990లో సుప్రీంకోర్టు దాకా కేసు పోయి, బావులు పాడైనాక వచ్చిన పటాలు అయ్యి. ముందు వేయాల్సిన లెక్క పోస్టుమార్టం లెక్క అయింది.

మన నేల సంగతికి వద్దాం. ఏ మోడల్‌కైనా మన కాడ రెండు పెద్ద చిక్కులు ఉన్నాయి.

ఒకటి నెర్రెలు. లెక్క కోసం ఒక పదివేల లీటర్ల ట్యాంకరు అనుకోండి. సరుకు 200 చదరపు మీటర్ల మేర పరుచుకుంటే అయిదు సెంటీమీటర్ల లోతు మడుగు. మట్టిలో నూటికి నలభై వంతులు ఖాళీ సందులు అనుకుందాం. అయ్యన్నీ నిండితే పన్నెండున్నర సెంటీమీటర్లు దిగిద్ది. నిజానికి సందులన్నీ నిండవు, పావు వంతే పట్టుకుంటాయి అనుకుంటే అర మీటరు, అంటే అడుగున్నర పైన. పుస్తకం లెక్క ఇది. ఏప్రిల్ నెలలో మన రేగడి చేను ఎట్టా ఉంటదో చూశారుగదా, చెయ్యి పట్టేంత నెర్రెలు, కర్ర దింపితే మూడు నాలుగడుగులు లోపలికి పోయిద్ది. అందులో పడ్డ సరుకు సందు సందూ నింపుకుంటా దిగదు, గొట్టంలో పోసినట్టు నేరుగా అడుక్కి పోయిద్ది. అదే చేను వానలకి తడిసి ఉబ్బినాక నెర్రెలన్నీ మూసుకుపోయి చుక్క దిగనియ్యదు, మడుగు కాలవ వైపు పారిద్ది. ఒకే చేను ఎండాకాలం ఒక నేల, వానాకాలం ఇంకో నేల. ఇక పడమటికి పోయే కొద్దీ పొరలు పొరలుగా పలక రాయి, ఆ రాతిలో పగుళ్లు. ఆ పగుళ్లలో నీళ్లు ఎటు పోతన్నాయో పైనుంచి చూసి చెప్పటం కష్టం. వీటికి తోడు వందల అడుగులు వేసి, ఎండిపోయి, మూత లేకుండా వదిలేసిన బోర్లు. పిల్లలు పడతారని మూయమంటారు, మూయాల్సిందే. రసాయనానికి గూడా అది భూగర్భంలోకి వేసిన పైపే అని ఎవురూ అనరు.

రెండో చిక్కు, ఒలికింది ఏందో తెలవకపోవడం. మోడల్ అడిగే మొదటి ప్రశ్న రసాయనం పేరు. పేరు మారితే కథంతా మారిద్ది. క్లోర్‌పైరిఫాస్ మట్టికి గట్టిగా అంటుకొని పై పొరలోనే ఉంటది. మోనోక్రోటోఫాస్ నీళ్లలో కరిగి నీళ్లతో పాటే కిందకి నడిచిద్ది. స్టైరీన్ నీళ్లకంటే తేలిక, భూగర్భ జలం మీద తేలిద్ది. మందుల కంపెనీల్లో వాడే క్లోరిన్ ద్రావకాలు బరువు, నీళ్లని దాటుకొని అడుగుకి మునిగిపోతాయి. ఆ నీళ్లు పైనుంచి తోడి పరీక్ష చేస్తే ఏం లేదని వచ్చిద్ది, విషం కింద కూర్చుని ఉంటది.

పేరు తెలవకపోతే ఏం జరిగిద్దో మన కురిచేడు కంటే బాగా తెలిసిన ఊరు లేదు. 2020 జులై ఆఖర్లో, కరోనా కట్టడిలో మద్యం కొట్లు మూతబడ్డప్పుడు, శానిటైజరు తాగి పది మందికి పైగా చనిపోయారు. దేశమంతా మన ఊరి పేరు టీవీల్లో చదివింది. తాగుబోతులు అని తేలిగ్గా అనేసిన వాళ్లు చాలామంది. పోయినవాళ్లలో రోజు కూలీలు, అడుక్కునేవాళ్లు ఉన్నారు. ఆ సీసాలో అసలేం కలిసిందనేది మనుషులు పోయినాక తేల్చుకోవాల్సొచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో ఐదు వందల మందికి పైగా ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడ్డారు. ఎయిమ్స్, నీరి లాంటి పెద్ద సంస్థలన్నీ వచ్చి నమూనాలు పట్టుకెళ్లినాయి. చివరికి పురుగుమందు అవశేషాల మీదకి వేలు పోయింది. అది ఏ దారిన మనుషుల్లోకి వచ్చిందో మాత్రం ఊరివాళ్లకి అర్థమయ్యేటట్టు చెప్పిన వాళ్లు లేరు. ఇయ్యి ట్యాంకరు ప్రమాదాలు కావు, నిజమే. కానీ ఊళ్లోకి వచ్చే ద్రవం పేరు, మోతాదు ఎక్కడా నమోదు కాకపోతే ఎంత పెద్ద కంప్యూటరయినా చేతులెత్తేసిద్ది.

పేరు తెలుసుకునే దారి ఒకటి ఉంది, మనమే వాడుకోటం లేదు. ప్రమాదకర సరుకు మోసే ట్యాంకరు మీద పలక ఒకటి ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెప్తన్నాయి. దాని మీద నాలుగంకెల యూఎన్ నంబరు, ఎమర్జెన్సీ ఫోను నంబరు ఉంటయ్యి. 1203 అంటే పెట్రోలు. 1230 మిథనాల్. 1789 హైడ్రోక్లోరిక్ యాసిడ్. 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్. 1005 అమ్మోనియా. 2055 స్టైరీన్. ఎట్టాగూ వీడియో తీస్తారు గదా తమ్ముళ్లూ, గాలివాలుకి ఎదురుగా దూరంగా నిలబడి, జూమ్ చేసి ఆ నాలుగంకెలు పడేటట్టు తీయండి. 112కి ఫోన్ చేసినప్పుడు ముందు ఆ నంబరే చెప్పండి. 1230 అని రాసి ఉన్న బండి కాడికి క్యాన్లు పట్టుకొని ఎవురన్నా పరిగెత్తుతుంటే ఆపండి. అది తాగితే కళ్లు పోతాయి, ప్రాణం పోయిద్ది.

ఇప్పుడు ఈ గోల ఎందుకంటే, 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. రసాయనాలతో పాడైన నేలని గుర్తించడం, శుభ్రం చేయించడం, ఖర్చు ఎవురు పెట్టుకోవాలి అనేదానికి ఒక చట్టపరమైన దారి ఇన్నాళ్లకి వచ్చింది. ప్రతి ఆరు నెలలకీ జిల్లా యంత్రాంగం అనుమానం ఉన్న స్థలాల జాబితా ఇయ్యాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. వినటానికి బాగుంది. అప్పటిదాకా దేశం మొత్తం మీద గుర్తించినయ్యి 103 స్థలాలు, శుభ్రం చేసే పని మొదలైంది ఏడింటిలో. భోపాల్లో 1984లో జరిగిన దానికి, ఫ్యాక్టరీలో పడున్న 337 టన్నుల చెత్త లారీలెక్కి బయటికి పోయింది 2025 జనవరిలో. కింద మట్టిలోకి దిగింది ఇంకా ఆడనే ఉంది.

కొత్త నిబంధనలు మన జిల్లాలో ఎట్టా నడుస్తాయో ఆలోచించండి. అనుమానం ఉన్న స్థలం అని కలెక్టరాఫీసుకి ఎవురు చెప్పాలి? ఫలానా చేను కింద ముందు నీళ్లు ఎట్టా ఉండేవో తెలియకపోతే ఇప్పుడు పాడైంది అని ఎట్టా రుజువు చేస్తారు? మన సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు కొలతలు ఉంటయ్యి, నత్రజని, భాస్వరం, జింకు, ఉప్పు గుణం వగైరా. నీళ్లు ఎంత వేగంగా ఇంకుతాయి అనేది ఆ పన్నెండులో లేదు. మందు అవశేషాలు లేవు. ఎరువు ఎంత వేయాలో చెప్పే కార్డు అది, విషం ఎంత దిగిద్దో చెప్పదు. ఒక్క రెండు గళ్లు పెంచితే అయిపోయే పని.

ఇదే లోపం ఫ్యాక్టరీ నివేదికల్లోనూ ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టే ప్రాజెక్టులన్నిటికీ ఈఐఏ నివేదిక ఉంటది. దాని అధ్యాయాల వరస 2006 నోటిఫికేషన్‌లోనే ఇచ్చారు. మూడో అధ్యాయంలో ఆ ప్రాంతం మట్టి, నీళ్లు, గాలి. ఏడో అధ్యాయంలో ప్రమాద అంచనా. మీకు ఎక్కడన్నా నివేదిక దొరికితే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. నేను చూసినంతలో మూడో అధ్యాయంలో మట్టి ఇంత జిగురు, ఇంత ఇసక అని పట్టికలు బ్రహ్మాండంగా ఉంటయ్యి. ఏడో అధ్యాయంలోకి వచ్చేసరికి మంట ఎంత దూరం, ఆవిరి ఎంత దూరం అని గుండ్రాలు గీస్తారు. మూడులో కొలిచిన మట్టి ఏడులోకి రాదు. రెండు అధ్యాయాల వాళ్లు ఒకరినొకరు కలిసినట్టే ఉండదు.

పెద్ద ఫ్యాక్టరీలు, ట్యాంకర్ల సంగతి ఒకెత్తు. మన కాడ ఏటా తప్పకుండా జరిగే ఒలుకుడు ఇంకోటి ఉంది, దాన్ని మనం ఒలుకుడు అనుకోం. మిరపకి, పత్తికి మందు కలిపే తావు. బోరు కాడో, కాలవ గట్టు మీదో, నీళ్లు దగ్గరుంటాయని అక్కడే డ్రమ్ము పెడతాం. మోనోక్రోటోఫాస్ 36 శాతం అంటే లీటరు సీసాలో 360 గ్రాముల అసలు విషం. మూత తీసేటప్పుడు కొంత, కలిపేటప్పుడు కొంత, స్ప్రేయరు కడిగినప్పుడు కొంత, ఖాళీ సీసా విసిరినప్పుడు కొంత. అదే తావు, అదే నెర్రె, ఏళ్ల తరబడి. చేను మీద కొట్టింది ఎకరమంతా పరుచుకొని ఎండకి, సూక్ష్మజీవులకి కొంత విరిగిపోయిద్ది. డ్రమ్ము కాడ పడ్డది రెండు గజాల్లో పేరుకొని నేరుగా బోరు పక్కనే దిగిద్ది. యూరప్‌లో కాలవల్లో, వాగుల్లో దొరికే మందుకి ఈ కలిపే తావులే పెద్ద కారణం అని తేల్చారు. 1993లో స్వీడన్ వాళ్లు దీనికి ఒక చవక మందు కనిపెట్టారు. గొయ్యి తీసి, అడుగున బంకమట్టి వేసి, పైన సగం పాళ్లు గడ్డి, పావు మట్టి, పావు కుళ్లిన పీటు కలిపి నింపి, పైన పచ్చిక పెంచుతారు. స్ప్రేయరుని దాని మీద పెట్టి నింపుతారు, దాని మీదే కడుగుతారు. గడ్డిని తినే బూజులు మందుని గూడా విరగ్గొడతాయి. బయోబెడ్ అంటారు. పీటు మనకి లేదు, వేరేది ఏది వాడాలో లాం ఫారం శాస్త్రవేత్తలు చెప్పాలి. వరిగడ్డికీ బంకమట్టికీ కొదవ లేదు. మన రైతు సేవా కేంద్రాల్లో ఇట్టాంటిది ఒకటి చేసి చూపించటానికి అయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ అంత ఉండదు. అది చేసేదాకా డ్రమ్ముని బోరుకి, కాలవకి నాలుగడుగులు కాదు, నాలుగు మళ్లు దూరం జరపడానికి ఎవురి అనుమతీ అక్కర్లేదు.

ఇంకుడు కొలవటానికి గూడా అనుమతి అక్కర్లేదు. నేను పాత పెయింటు డబ్బా అడుగు కోయించి, నాలుగు వేళ్లు భూమిలోకి దించి, కొలిచి మంచినీళ్లు పోసి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టా. కాలేజీల్లో రింగు ఇన్‌ఫిల్ట్రోమీటరు అని ఇంగ్లీషులో చెప్పేది ఇదే. నెర్రె పడ్డ చేలో ఫోను నొక్కేలోపే డబ్బా ఖాళీ. వాన పడి నెర్రె మూసుకున్నాక అదే చేలో నీళ్లు సాయంత్రం దాకా నిలబడ్డాయి. పలక గనుల వైపు గరువు నేలలో ఇంకో తీరు. నీళ్లే పోయండి, మందు పోసి చూడబాకండి. తావు, తేదీ, నేల రకం, ఎన్ని నిమిషాలు, పక్కన బోరు ఎంత దూరం, లోతెంత అని రాసి పెట్టుకుంటే, రేపు 90 రోజుల్లో పరిశీలనకి వచ్చే ఇంజినీరు మోడల్లో పెట్టుకునే అంకెలు అయ్యే. బోర్ల లోతు, నీటిమట్టం భూగర్భ జల శాఖ కాడ ఉంటయ్యి, అడిగితే ఇయ్యాలి.

ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, అసలు నివేదిక కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో చూడనియ్యాలి. మన వైపు ఇట్టాంటి టెంటు పడ్డప్పుడు మైకు దొరికితే ఉద్యోగాలు ఎన్ని ఇస్తారు అని అడుగుతారు, అడగండి, అది గూడా కావాల్సిందే. దాంతో పాటు రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాల్సిన ప్రశ్న ఇది: మీ ఏడో అధ్యాయంలో నేల రకం కాడ ఏం పెట్టారు, మీ ట్యాంకు ఏప్రిల్లో కారితే ఆ సరుకు ఎన్నాళ్లకి మా బోరులోకి వచ్చిద్ది, ఆ లెక్క ఏ పేజీలో ఉంది?